"చెల్లుతుంది" అన్న ఒక్క మాట: ఒక హిబా తగాదా పూర్వాపరాలు

ఆ కాగితం మీద సంతకం నాదే.

ముగ్గురు అక్కచెల్లెళ్ళు నా ముందు కూర్చున్నారు. పెద్దామె సంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పరిచింది. ఆరేళ్ళ కిందట వాళ్ళ నాన్న అడిగిన ప్రశ్నకు నేను రాసిచ్చిన జవాబు అది. "ఆరోగ్యంగా ఉన్న మనిషి తన ఆస్తిని సంతానంలో ఒకరిద్దరికి హిబా చేస్తే షరీఅత్ ప్రకారం చెల్లుతుందా?" అన్నది ప్రశ్న. హిబా అంటే బతికుండగానే కానుకగా ఇచ్చేయడం. "ఇస్తున్నానని ఇచ్చేవాడు, పుచ్చుకున్నానని పుచ్చుకునేవాడు చెప్పి, ఆస్తిని స్వాధీనం చేస్తే చెల్లుతుంది" అన్నది జవాబు. రెండున్నర వరుసలు. కింద తేదీ, సంతకం.

"మౌలానా, ఇది మీరు రాసిందేనా?"

"నేను రాసిందేనమ్మా."

"మరి మేం ఆయన పిల్లలం కామా?"

వారసత్వ పంపకాల్లో ఫిఖ్ (ఇస్లామీ ధర్మశాస్త్రం) సలహా ఇవ్వడం, ఇరుపక్షాలూ ఒప్పుకుంటే మధ్యవర్తిగా కూర్చోవడం 19 ఏళ్ళుగా నా పని. ఈ కేసును ఆ కుటుంబం అనుమతితో, వాళ్ళెవరో తెలిసిపోయే వివరాలు మార్చి రాస్తున్నాను. ఇస్లాంలో చట్టానికీ నీతికీ ఉన్న సంబంధం గురించి చదువుకునే రోజుల్లో చాలా పాఠాలు విన్నాను. ఆ సంబంధం ఎక్కడ తెగుతుందో ఈ ఇల్లు చూపించింది. తెంపింది నా కలమే.

ఇల్లు, పొలం, పెట్టె

చనిపోయిన పెద్దాయనకు భార్య, ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళు. ఆస్తి ఒక ఇల్లు, కొంచెం పొలం. ఇంటికి ముందు భాగం, వెనుక భాగం విడివిడిగా ఉన్నాయి, ద్వారాలు కూడా వేరు. మొత్తం ఆస్తి విలువలో పొలం ఐదో వంతు ఉంటుందేమో. నేను జవాబు రాసిచ్చిన నెలలోనే ఆయన ముందు భాగం పెద్ద కొడుక్కి, వెనుక భాగం చిన్న కొడుక్కి సాక్షుల ఎదుట హిబా చేశాడు. ఆ తర్వాత ఐదేళ్ళు బతికాడు. అప్పట్లో నడుస్తూ తిరుగుతూ ఉన్న మనిషే కాబట్టి, మరణవ్యాధిలో ఇచ్చినదానికి వీలునామా నియమాలు వర్తిస్తాయన్న సూత్రం ఇక్కడ పనికిరాదు. అప్పులు లేవు, వీలునామా లేదు.

హిబా జరక్కపోయి ఉంటే లెక్క ఇలా ఉండేది. మొత్తం ఆస్తిని 56 భాగాలు చేస్తే భార్యకు ఎనిమిదో వంతు, అంటే 7. మిగిలిన 49లో ఒక్కో కొడుక్కి 14, ఒక్కో కూతురికి 7. హిబా చెల్లితే ఈ 56 భాగాలూ ఆ పొలానికే.

పెద్ద కొడుకు మొదటినుంచీ తల్లిదండ్రుల దగ్గరే ఉన్నాడు. చివరి మూడేళ్ళు తండ్రి మంచం దిగలేదు. పక్కకు తిప్పడం, ఒళ్ళు తుడవడం, రాత్రుళ్ళు లేచి చూడడం అన్నీ ఆ కొడుకూ కోడలూ చేశారు. చిన్న కొడుకు వేరే ఊళ్ళో ఉంటాడు. హిబా జరిగిన వారంలోనే వెనుక భాగం ఖాళీ చేయించి తాళాలు తీసుకుని, అద్దెకిచ్చాడు.

అక్కచెల్లెళ్ళు వచ్చి వెళ్ళిన మూడో రోజు నేను ఆ ఇంటికి వెళ్ళాను. స్వాధీనం ఎలా జరిగిందో కళ్ళతో చూడకుండా హిబా గురించి మాట్లాడకూడదు. ముందు భాగంలో తండ్రి ఉన్న గది అలాగే ఉంది. నులక మంచం, గోడకు కర్ర, కిటికీ కింద పచ్చరంగు పెచ్చులూడిన ఇనప పెట్టె. తాళంచెవి పెట్టె పిడికే దారంతో కట్టి ఉంది. తల్లి మూత ఎత్తి చూపించింది. మడత పెట్టిన చొక్కాలు, ఒక కాడ విరిగిన కళ్ళజోడు, మందుల రసీదుల కట్ట. "ఆయన ఈ గది వదల్లేదు. పోయేదాకా ఇక్కడే" అంది.

పెద్దకొడుకు పక్కనే నిలబడి, సాక్షుల ముందు తండ్రి తనకు తాళం ఎలా ఇచ్చాడో చెబుతున్నాడు. నేను పెట్టెనే చూస్తున్నాను. ఈ కుటుంబం నడిచేది హనఫీ ఫిఖ్ ప్రకారం, అంటే ఇమామ్ అబూ హనీఫా సంప్రదాయం ప్రకారం. ఇచ్చేవాడి సామాను ఉన్న ఇంటిని ఆ సామానుతోసహా అప్పగిస్తే అప్పగింత పూర్తయినట్టు కాదు, ఖాళీ చేసి ఇవ్వాలి అన్నది అందులో ప్రసిద్ధమైన నియమం. కొడుకు పెద్దవాడు, మైనరు కాడు, కాబట్టి మినహాయింపూ లేదు. ఆ గది, ఆ మంచం, ఆ పెట్టె కలిసి ముందు భాగం హిబాను నీరుగార్చేశాయి. వెనుక భాగానిదేమో ఎక్కడా లోపం లేని స్వాధీనం.

అంటే చట్టం మాత్రమే మాట్లాడితే, మూడేళ్ళు తండ్రిని ఎత్తి దించిన కొడుకు ఇచ్చిన ఇల్లు పోగొట్టుకుంటాడు. దూరంగా ఉండి అద్దె తిన్న కొడుకు తనది నిలబెట్టుకుంటాడు. ఆ గదిలో చాలాసేపు నిలబడిపోయాను. ఆరేళ్ళ కిందట "చెల్లుతుంది" అని రాసి ఒక తప్పు చేశాను. ఇప్పుడు "ఇది చెల్లదు, అది చెల్లుతుంది" అని రాసిచ్చి వచ్చేస్తే రెండోదీ చేసినవాణ్ణవుతాను.

నేను వదిలేసిన సగం

ఆ రెండున్నర వరుసల్లో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఫిఖ్ ఒక పనిని రెండు కొలతలతో కొలుస్తుంది. చెల్లుతుందా చెల్లదా అన్నది ఒకటి. అది వాజిబా (తప్పనిసరా), ముస్తహబ్బా (చేస్తే మంచిదా), ముబాహా (చేసినా మానినా ఒకటేనా), మక్రూహా (చేయకపోతే మంచిదా), హరామా (నిషిద్ధమా) అన్నది రెండోది. ఈ ఐదు మెట్లలో చట్టం పట్టించుకునేది కొద్దిభాగమే. ముస్తహబ్ వదిలేసినవాణ్ణి ఏ ఖాజీ (న్యాయమూర్తి) శిక్షించడు, మక్రూహ్ చేసినవాణ్ణీ శిక్షించడు. అయినా ఫఖీహులు (ఫిఖ్ పండితులు) వాటిని వేరే నీతిశాస్త్రపు పుస్తకానికి పంపెయ్యలేదు. అమ్మకం, కౌలు, పెళ్ళి, హిబా మాట్లాడిన పేజీలోనే, అదే వాక్యంలో రాశారు. "చెల్లుతుంది, కానీ మక్రూహ్" అన్నది వాళ్ళకు ఒకే జవాబు. నేను దాన్ని కామా దగ్గర నరికేశాను.

హనఫీ పుస్తకాల్లో ఇంకో జంట మాట తరచూ కనిపిస్తుంది: ఖజా పరంగా, దియానత్ పరంగా. ఖజా అంటే ఖాజీ ముందు, సాక్ష్యం మీద తేలేది. దియానత్ అంటే మనిషికీ అల్లాహ్‌కీ మధ్య తేలేది. ఒకే విషయంలో ఈ రెండూ వేర్వేరుగా తేలవచ్చు. ఖాజీ పని మొదటిదానితో ముగుస్తుంది. ముఫ్తీ (ఫత్వా, అంటే ధర్మసలహా ఇచ్చే పండితుడు) దగ్గరికి వచ్చినవాడు అడిగేది మాత్రం రెండోది. "నేనేం చేయాలి?" అని అడగడానికి వస్తాడు, తన తరఫున వాదించమని రాడు. ఖాజీ చెప్పాల్సిన జవాబు నేను ముఫ్తీ కుర్చీలో కూర్చుని చెప్పాను.

ఇది నా ఒక్కడి జబ్బు కాదనుకుంటాను. 1869 నుంచి 1876 దాకా ఉస్మానియా సామ్రాజ్యం హనఫీ వ్యవహార నియమాలను మజల్లా పేరుతో అంకెలు వేసిన క్లాజులుగా కూర్చింది. న్యాయస్థానాలకు అది గొప్ప వెసులుబాటు. కానీ క్లాజుల పుస్తకానికి కావలసింది చెల్లడం, చెల్లకపోవడమే. మక్రూహ్, ముస్తహబ్ అన్న మాటలకు అందులో నిలవడానికి చోటుండదు. ఆ తర్వాత వచ్చిన చట్టాలూ అదే దారి పట్టాయి. మనుషులు కూడా అలా అడగడమే నేర్చుకున్నారు. పెద్దాయన "చెల్లుతుందా?" అనే అడిగాడు. "ఇలా చేయవచ్చా?" అని అడగలేదు. అడగనిదానికీ జవాబు చెప్పవలసింది నేను.

మొదటి బైఠక్: బషీర్ గారి తోట కథ

అందరినీ పిలిచి కూర్చోబెట్టిన రోజు ముందుగా నా తప్పు ఒప్పుకున్నాను. ఆ తర్వాత నుమాన్ బిన్ బషీర్ (రజి) హదీసు (ప్రవక్త మాటల, చేతల కథనం) చెప్పాను. హదీసు సంకలనకర్తలు బుఖారీ, ముస్లిం ఇద్దరూ నమోదు చేసిన హదీసు అది. బషీర్ తన కొడుకు నుమాన్‌కు ఒక కానుక ఇచ్చాడు. కొన్ని కథనాల్లో అది బానిస, కొన్నింటిలో తోట. తల్లి అమ్రా బిన్తె రవాహా పట్టుబట్టింది, ప్రవక్త (స) సాక్షిగా ఉంటే తప్ప ఒప్పుకోనని. బషీర్ వెళ్ళి అడిగితే ప్రవక్త (స) అడిగిన మొదటి మాట: "నీ పిల్లలందరికీ ఇలాగే ఇచ్చావా?" లేదన్నాడు. "అల్లాహ్‌కు భయపడు, నీ పిల్లల మధ్య న్యాయంగా ఉండు" అన్నారు. ఇంకో కథనంలో "అన్యాయానికి నేను సాక్షిగా ఉండను" అన్నారు. బషీర్ తిరిగివెళ్ళి ఆ కానుకను వెనక్కి తీసుకున్నాడు.

చిన్న కొడుకు చదువుకున్నవాడు. వెంటనే అందుకున్నాడు. "ఇంకొకర్ని సాక్షిగా పెట్టుకో అని కూడా ఉంది కదా మౌలానా? చెల్లకపోతే అలా ఎందుకంటారు?"

నిజమే, ఆ మాట కూడా ఉంది. సరిగ్గా దాని మీదే ఇమాములు విడిపోయారు. అబూ హనీఫా, మాలిక్, షాఫయీ మతాల్లో (ఫిఖ్ సంప్రదాయాల్లో) ప్రబలమైన మాట, పిల్లల మధ్య సమానత్వం ముస్తహబ్ అని, ఒకరికి ఎక్కువ ఇవ్వడం మక్రూహ్ అయినా చెల్లుతుందని. అహ్మద్ బిన్ హంబల్ సమానత్వం వాజిబ్ అన్నారు. తప్పు చేసిన తండ్రి వెనక్కి తీసుకోవాలి, లేదా మిగతావాళ్ళకు ఇచ్చి సరిచేయాలి. ఒకే హదీసు, ఒక మతంలో చట్టమైంది, మూడింటిలో నీతిగా నిలిచింది. ఏ మతంలోనూ ఆ పని బాగుందనలేదు. "వేరేవాళ్ళను పెట్టుకో" అన్న మాటను అనుమతిగా చదివినవాళ్ళు కూడా ప్రవక్త (స) తన చేయి వెనక్కి తీసుకున్నారన్న సంగతి మరిచిపోలేదు.

కూతుళ్ళకు ఇచ్చేటప్పుడు సమానమంటే ఎంత అన్నదానిపైనా తేడా ఉంది. అబూ హనీఫా శిష్యుల్లో అబూ యూసుఫ్ దృష్టిలో బతికుండగా ఇచ్చే కానుకలో ఆడా మగా ఒకటే. ఇమామ్ ముహమ్మద్ దృష్టిలో వారసత్వం లెక్కనే, ఒకటికి రెండు. ఈ ఇంట్లో కూతుళ్ళకు వచ్చింది సున్నా కాబట్టి ఆ చర్చ అవసరం పడలేదు.

అప్పటిదాకా పెదవి విప్పని పెద్ద కొడుకు తల వంచుకునే అన్నాడు. "అబ్బా నాకిచ్చింది ప్రేమ ఎక్కువై కాదు మౌలానా. నేను చేస్తాననీ, చేస్తున్నాననీ ఇచ్చారు."

ఆ మాటను తోసిపారేయలేం. హానిచేసే ఉద్దేశం లేకుండా, సరైన కారణం ఉండి ఒక బిడ్డకు ఎక్కువ ఇస్తే దోషం లేదన్నారు హనఫీలు. హంబలీ పండితుడు ఇబ్నె ఖుదామా కూడా అవసరం, దీర్ఘరోగం, పెద్ద కుటుంబం, విద్య లాంటి కారణాలకు ఎక్కువ ఇవ్వవచ్చన్న అభిప్రాయాన్ని చెప్పారు. నీతి అంటే ప్రతిచోటా సమానంగా కోయడమని ఎవరూ అనలేదు. పెద్ద కొడుకు కానుకకు కారణం ఉంది, స్వాధీనం లేదు. చిన్న కొడుకు కానుకకు స్వాధీనం ఉంది, కారణం లేదు.

రెండో బైఠక్: పెట్టె సంగతి బయటపెట్టాను

మధ్యవర్తి తనకు తెలిసిన చట్టపు లోపాన్ని ఒక పక్షం నుంచి దాచకూడదు. పెద్దకొడుకు మీద ఎంత గౌరవం ఉన్నా సరే. ఇనప పెట్టె, మంచం, ఆ నియమం అందరి ముందూ చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది. భార్య వైపు చూశాడు, ఏమీ అనలేదు.

ఒక ముందరి సంగతి చెప్పాను వాళ్ళకు. ఇమామ్ మాలిక్ హదీసు గ్రంథం మువత్తాలో ఉంది. అబూ బక్ర్ (రజి) తన కూతురు ఆయిషా (రజి)కు గాబాలోని తన తోట నుంచి 20 వస్ఖ్‌ల (పాతకాలపు కొలత) ఖర్జూరం కానుకగా ఇచ్చారు. ఆమె దాన్ని కోయించుకుని తీసుకోలేదు. మరణం దగ్గరపడ్డప్పుడు ఆయన అన్నారు: నా తర్వాత నువ్వు కలిగి ఉండడం కంటే నాకు ఇష్టమైనది లేదు, నువ్వు పేదరికంలో ఉండడం కంటే నాకు బాధ ఇంకొకటి లేదు. నువ్వు అప్పుడే తీసుకుని ఉంటే అది నీదయ్యేది. ఇవాళ అది వారసుల సొత్తు. నీ ఇద్దరు అన్నదమ్ములు, నీ ఇద్దరు అక్కచెల్లెళ్ళు. అల్లాహ్ గ్రంథం ప్రకారం పంచుకోండి. ఎంత పెద్దదైనా వదిలేసేదాన్నే అని ఆమె జవాబు. తనకున్న అక్క అస్మా ఒక్కతే కదా, రెండో ఆమె ఎవరని అడిగింది. ఇంకా పుట్టని బిడ్డ అని చెప్పారాయన. భార్య కడుపులో ఉన్నది ఆడపిల్లేనని తనకు అనిపిస్తోందన్నారు.

నాకు ఈ కథనంలో ఎప్పుడూ గుండె పట్టేసేది ఆ చివరి మాటే. ఇంకా కళ్ళు తెరవని ఆడపిల్ల వాటా కోసం, ప్రాణం కంటే ఎక్కువైన కూతురి చేతిలోంచి 20 వస్ఖ్‌లు వెనక్కి తీసుకున్నారు. ప్రేమను దాచలేదు, నియమాన్ని వంచలేదు.

పెద్దకొడుకు వినిపించీ వినిపించనట్టుగా అన్నాడు. "అయితే ముందు భాగం లెక్కలో కలపండి."

చిన్న కొడుకు మాత్రం కదల్లేదు. "నాది చెల్లుతుందని మీరే అంటున్నారు. మరి ఇంకేం కావాలి?"

ప్రవక్త భార్య ఉమ్మె సలమా (రజి) చెప్పిన హదీసు చదివాను. వారసత్వం గురించి గొడవపడుతూ, ఎవరి దగ్గరా సాక్ష్యం లేకుండా, ఇద్దరు ప్రవక్త (స) దగ్గరికి వచ్చారు. "నేనూ మనిషినే. మీలో ఒకరు ఇంకొకరికంటే వాదనలో నేర్పరి కావచ్చు. విన్నదాన్ని బట్టి తీర్పు చెబుతాను. తన సోదరుడి హక్కు నేను ఎవరికైనా ఇచ్చేస్తే, నేను ఇచ్చింది ఒక నిప్పు తునక" అన్నారు. ఇద్దరూ ఏడ్చారు. నా హక్కు నీదే అంటే నా హక్కు నీదే అన్నారు. అప్పుడాయన చెప్పింది: న్యాయాన్ని వెతుకుతూ పంచుకోండి, చీట్లు వేసుకోండి, ఆపై ఒకరికొకరు మాఫీ చెప్పుకోండి.

"అది ఇంకొకరి హక్కు తీసుకున్నవాడి సంగతి" అన్నాడు చిన్న కొడుకు. "చెల్లిన హిబాలో ఇంకొకరి హక్కు ఎక్కడుంది?"

ఆ మాటలో బలముంది, అక్కడే ఒప్పుకున్నాను. హనఫీ దృష్టిలో తండ్రి చేసింది మక్రూహ్, పుచ్చుకున్నవాడికి సొత్తు దక్కింది. తండ్రి సరిచేయకుండా చనిపోతే, హంబలీల్లో కూడా ప్రసిద్ధమైన మాట కానుక పుచ్చుకున్నవాడికే ఖరారవుతుందని. మిగతా వారసులు తిరిగి తీసుకోవచ్చన్న ఇంకో మాటను ఇబ్నె తైమియా ఎంచుకున్నారు. ఆ మతం వీళ్ళది కాదు, నేను దాన్ని తెచ్చి అతని మీద రుద్దలేను. వాదనలో అతన్ని ఓడించడం నా పనీ కాదు.

ఇమామ్ గజాలీ, 1111లో చనిపోయినవారు, తన గ్రంథం ఇహ్యాలో ఒక సంగతి ప్రస్తావిస్తారు. అబూ యూసుఫ్ ఏడాది చివర తన సొమ్మంతా భార్యకు హిబా చేసి, ఆమె సొమ్మును తాను పుచ్చుకుని జకాత్ (ఏటా ఇవ్వవలసిన తప్పనిసరి దానం) తప్పించుకునేవారని, దాన్ని అబూ హనీఫాకు చెబితే "అది ఆయన ఫిఖ్" అన్నారని. అంత పెద్ద ఇమామ్ మీద ఈ మాట నిజమని నేను నమ్మను. గజాలీ దాని మీద అన్న మాటే మనకు కావాలి. అది ఈ లోకపు ఫిఖ్‌లో సరైనదే, పరలోకంలో మాత్రం దాని నష్టం ఏ నేరం నష్టం కంటే కూడా పెద్దది అన్నారు. చిన్న కొడుకుతో అదే చెప్పాను. నీ కాగితం గట్టిది బాబూ. ఆ గట్టిదనం నిన్ను ఖాజీ గుమ్మం దాకా తీసుకెళ్తుంది. తన సహచరుడు వాబిసా (రజి)కి ప్రవక్త (స) చెప్పిన మాట ఆ గుమ్మం దాటాకే మొదలవుతుంది: నీ మనసును ఫత్వా అడుగు, జనం నీకు ఫత్వా ఇచ్చినా సరే.

పెద్ద కూతురు అడిగింది. "ఇంత స్పష్టంగా తప్పైతే, చట్టంలోనే ఆపెయ్యొచ్చు కదా మౌలానా? మనసుకు వదలడం దేనికి?"

మంచి ప్రశ్న. తండ్రి ఎందుకు ఎక్కువిచ్చాడో ఖాజీకి కనబడదు. జబ్బుపడ్డ బిడ్డకా, పగబట్టి ఇంకో బిడ్డను తన్నడానికా అన్నది ఇంట్లోవాళ్ళకే తెలుసు. జనం హృదయాలు తవ్వమని నాకు ఆజ్ఞ లేదన్నారు ప్రవక్త (స). ప్రతి కానుకకూ కారణం నిరూపించమంటే చట్టం ప్రతి ఇంటి గదిలోకీ రావాలి. అందుకే ముగ్గురు ఇమాములు ఆ తలుపు దగ్గర ఆగారు. అలా ఆగడం వెనుకా ఒక నీతి ఉంది. అయితే ఆ గీత రాతి మీద చెక్కింది కాదు. తాత బతికుండగా తండ్రి పోయిన మనవలకు, బాబాయిలు ఉంటే, వారసత్వంలో ఏమీ రాదు. అలాంటి బంధువులకు వీలునామా రాయడం మంచిదనే చాలామంది ఫఖీహులు ఆగారు, ఇబ్నె హజ్మ్ తప్పనిసరి అన్నారు. 1946లో ఈజిప్టు 71వ నంబరు చట్టంతో, తాత రాయకపోయినా మూడో వంతుకు మించకుండా ఆ మనవలకు వాటా ఇచ్చేలా చేసింది. అప్పటిదాకా మనసుకు వదిలేసింది అక్కడ న్యాయస్థానానికి చేరింది. అన్యాయం ఇంటింటా అలవాటైపోతే గీత జరపాల్సి వస్తుంది. ఆడపిల్లలను తప్పించే హిబాల విషయంలోనూ పండితులు దీని గురించి ఆలోచించాలన్నది నా గట్టి అభిప్రాయం.

మూడో బైఠక్: అద్ల్ ముందు, ఇహ్సాన్ తర్వాత

ముందు భాగం లెక్కలోకి వచ్చింది. అప్పుడు అసలు కష్టం మొదలైంది.

పెద్ద కూతురు అంది: "భాయ్ అబ్బాని చూసుకున్నాడు. ఆ పెట్టె అడ్డం పెట్టుకుని గెలవాలని నాకు లేదు. నా వాటా వదిలేస్తాను." బంధువుల్లో ఒక పెద్దమనిషి వెంటనే సంతోషపడిపోయి, మిగతా ఇద్దరి వైపు తిరిగి, "మీరూ అనేయండమ్మా, పుణ్యం" అన్నాడు. నడిపి కూతురు గొంతు వణికింది. "మాకు రావలసింది మాకు చూపించకముందే వదిలేయమంటారేం?"

నేను ఆ పెద్దమనిషిని ఆపాను. కొంచెం గట్టిగానే. ఎన్నో ఇళ్ళలో చూశాను ఇది. చట్టం ఆడపిల్లకు ఇచ్చినదాన్ని నీతి పేరు చెప్పి వెనక్కి అడుగుతారు. అన్నదమ్ముల్ని ఇహ్సాన్ (హక్కుకు మించిన ఉపకారం) చేయమని ఎవరూ అడగరు. ఖురాన్ నహ్ల్ సూరా 90వ ఆయతులో అల్లాహ్ ఆజ్ఞాపించేవాటిలో మొదటి మాట అద్ల్ (న్యాయం), రెండోది ఇహ్సాన్, మూడోది బంధువులకు ఇవ్వడం. వరుస ఊరికే రాలేదు. హక్కు చేతిలో పడ్డాక వదిలితే అది ఇహ్సాన్. చేతిలో పడకముందే వదిలించుకుంటే అది దోపిడీ. నిసా సూరా 7వ ఆయతు ఆడవాళ్ళ వాటా కొద్దిదైనా ఎక్కువదైనా అది నిర్ణయమైన వాటా అంది. ఇహ్సాన్ ఎవరి నుంచీ డిమాండ్ చేయదగింది కాదు.

కాబట్టి పని ఇలా చేశాం. ముందు భాగానికీ పొలానికీ ఇద్దరు తెలిసినవాళ్ళతో విలువ కట్టించాం. 56 భాగాలు వేసి ఎవరి వాటా ఎంతో విడివిడి కాగితాల మీద రాసి, ఎవరిది వాళ్ళకు ఇచ్చాం. ఆడపిల్లలు ముగ్గురూ తమ కాగితం చదువుకుని సంతకం పెట్టారు. చిన్న కొడుకు ముందు భాగంలోనూ తన 14 భాగాలు కావాలన్నాడు. చట్టం ఇస్తుంది, ఇచ్చాం. అది రాస్తుంటే నా చెయ్యి బరువెక్కింది.

పెద్దకొడుకు మూడేళ్ళు పెట్టిన ఖర్చు సంగతి ఒకరు ఎత్తారు. అప్పుగా ఇస్తున్నానని ముందుగా మాట లేకుండా పిల్లలు తల్లిదండ్రులకు పెట్టింది తబర్రు, అంటే ఇష్టంతో చేసిన ఉపకారం, ఆస్తిలోంచి తిరిగి రాబట్టే అప్పు కాదు. ఆయన అడగనూ లేదు.

వారం గడువిచ్చాను. ఎవరూ ఎవరితోనూ మాట్లాడకుండా, ఒక్కొక్కరు విడిగా నా దగ్గరికి రావాలని. పెద్ద కూతురు, చిన్న కూతురు ముందు భాగంలో తమ వాటాలో సగం అన్నకు హిబా చేశారు. ఈసారి స్వాధీనంతో, మక్రూహ్ నీడ లేకుండా. నడిపామె తన 7 భాగాలూ పూర్తిగా తీసుకుంటానంది. ఆమె పిల్లల చదువులున్నాయి. ఆమెను ఎవరూ ఒక్క మాట అనకుండా చూశాను. హక్కు తీసుకోవడం ఇహ్సాన్‌కు కింది మెట్టని అనుకోకూడదు. అదీ అల్లాహ్ ఇచ్చిందే. తల్లి తన 7 భాగాలు ఉంచుకుని, ఆ గదిలోనే ఉంటానంది. ఇల్లు అమ్మకుండా చెల్లెలి డబ్బు, తమ్ముడి డబ్బు తీర్చడానికి పెద్దకొడుక్కి మూడేళ్ళ వాయిదా కుదిరింది. బఖరా సూరా 280వ ఆయతు ప్రకారం ఇబ్బందిలో ఉన్న బాకీదారుడికి వెసులుబాటయ్యేదాకా గడువివ్వాలి. మాఫీ చేస్తే ఇంకా మేలు. నడిపామె గడువిచ్చింది.

పెట్టెలోని వస్తువులూ వారసత్వమే. వాటికి 56 లెక్క వేయమని ఎవరూ అడగలేదు. కళ్ళజోడు చిన్న కూతురు తీసుకుంది.

ఇప్పటి పరిస్థితి

ఆ తర్వాత నా పద్ధతి ఒకటి మారింది. హిబా గురించి ఎవరు అడిగినా జవాబు రాయకముందు, బషీర్‌ను అడిగిన ప్రశ్న అడుగుతున్నాను: మీకు ఇంకా పిల్లలున్నారా, వాళ్ళకూ ఇస్తున్నారా? జవాబులో చెల్లుబాటు ఒక వాక్యం, దాని హుకుం (ఐదు మెట్లలో అది ఏదో) ఇంకో వాక్యం. రెండూ ఉంటేనే సంతకం. కొంతమంది రెండో వాక్యం తీసేయమంటారు. తీసేయను.

వెనుక భాగం ఇప్పటికీ చిన్న కొడుకుదే, అద్దె అతనికే వస్తోంది. నాలుగు నెలల తర్వాత ఒక రాత్రి ఫోన్ చేశాడు. పలకరింపులు అయ్యాక కాసేపు ఆగి, "మౌలానా, దీనివల్ల అబ్బా మీద ఏమైనా బరువు ఉంటుందా?" అని అడిగాడు. తండ్రి సంగతి అల్లాహ్ చేతిలో ఉంది, నేను చెప్పలేను అన్నాను. నేను చెప్పగలిగింది ఆ హదీసు చివర ఉన్నదే. బషీర్ ఇంటికి తిరిగొచ్చి, ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకున్నాడు. మీ నాన్నగారికి ఆ అవకాశం ఇక లేదు, ఆయన తరఫున చేయగలిగిన మనిషివి నువ్వొక్కడివే అన్నాను.

అటువైపు చాలాసేపు మాట లేదు. తర్వాత, వెనుక భాగానికి విలువ కట్టినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా అని అడిగాడు. ముందు భాగానికి కట్టినవాళ్ళ వివరాలు చెప్పాను. రాసుకున్నట్టు కలం చప్పుడు వినిపించింది. ఆ తర్వాత మళ్ళీ కబురు రాలేదు. ఫైలు ఇంకా మూయలేదు.